తూము దగ్గరి మనిషి

తెలంగాణ పల్లెలో నాలుగు నెలల వానను ఏడాదికి సరిపడా దాచేది చెరువు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు అనగానే వాటిని కట్టించిన కాకతీయులు గుర్తొస్తారు. నాకు మాత్రం ముందు చెరువు నీళ్లు పంచే నీరటి గుర్తొస్తాడు.

పాతకాలపు తూము అంటే నీళ్లలో నిలిపిన రాతి స్తంభాలు, అడుగున రంధ్రం, దాన్ని మూసే కర్రబిరడా. నీరటి ఈదుకుంటూ వెళ్లి ఆ బిరడాను ఎంత ఎత్తాలో అంతే ఎత్తుతాడు. ఎక్కువైతే దగ్గరి మడులు మునుగుతాయి, తక్కువైతే ఆయకట్టు చివరి పొలానికి తడి అందదు. ఎవరి వంతు ఎప్పుడో, ఏ కాలువ ఎంతసేపు పారాలో అంతా ఆయన తలలోనే. నీళ్లు తక్కువైన ఏడు పెద్దరైతు ఎంత గట్టిగా అడిగినా చివరి మడివాడి వంతు చివరి మడివాడికే. ఆ మాట మీద నిలబడటానికి ఈత ఒక్కటే చాలదు!

ముసురు రాత్రి ఊరంతా తలుపులు వేసుకుంటే ఆయన పార పట్టుకుని కట్ట మీద తిరుగుతాడు. ఎండ్రకాయల బొరియలు పూడుస్తాడు, మత్తడి దూకే తీరు చూస్తాడు. గొలుసుకట్టులో పై చెరువుకు గండి పడితే కింది చెరువుకూ ముప్పే.

ఇంత పనికీ ప్రతిఫలం కళ్లంలో రైతులు కొలిచే వడ్లు, కొన్నిచోట్ల కాస్త ఇనాం భూమి. బోర్లు పెరిగి చెరువు నీళ్ల మీద ఆధారపడటం తగ్గాక అదీ పలచబడింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయతో చాలా చెరువుల పూడిక తీశారు, తూములు బాగుచేశారు. ఆ తూముల దగ్గర నెలజీతమిచ్చి నీరటిని నిలపాలి.