లేని అక్షరం, మారిన పాఠం: యూనికోడ్ ముద్రణలో ప్రాచీన తెలుగు సంకేతాలు

తాళపత్ర ప్రతులలోని లేఖకదోషాలను పట్టుకోవడంలో పరిష్కర్తలు చూపే శ్రద్ధ, తమ గ్రంథం అక్షరకూర్పులో ఏర్పడే మార్పుల విషయంలో అరుదుగా కనిపిస్తుంది. లేఖకుడు వదిలిన అరసున్నను అధోజ్ఞాపికలో చర్చించే సంపాదకుడే, ఫాంటులో లేనందున తన పుస్తకంలో మారిపోయిన అక్షరాన్ని అచ్చుతప్పుగా భావించి ఊరుకుంటాడు. ఈ రెండూ ఒకే జాతి మార్పులనీ, రెండవదీ పాఠాంతరమేననీ ఈ వ్యాస ప్రతిపాదన.

ముందుగా రెండు విషయాలను విడదీసి చూడాలి. ఒక అక్షరానికి యూనికోడ్‌లో స్థానం ఉండడం వేరు, వాడుతున్న ఫాంటులో దాని రూపం ఉండడం వేరు. శకటరేఫం, అరసున్న తొలి దశలోనే యూనికోడ్‌లో చేరాయి. దంత్య చ, జలను సూచించే ౘ, ౙ 2008లోనూ, శాసనభాషలోని ఴ 2014లోనూ, ౚ 2015లోనూ, నకారపొల్లు 2021లోనూ చేరాయి. కనుక ఈ సంవత్సరాలకు ముందు రూపొంది, తరువాత సవరణ పొందని ఫాంటులో ఆయా అక్షరాలు సాధారణంగా ఉండవు. సంకేతం సరిగానే టైపు చేసినా పుటపై ఖాళీ గడి పడుతుంది.

ఆ గడిని చూసిన కూర్పరి చేసేది ఒక్కటే: దగ్గరి పోలిక ఉన్న అక్షరంతో దానిని పూరించడం. చిక్కంతా ఇక్కడే ఉంది. యూనికోడ్ పట్టిక ౚను కచ్చితమైన ఉచ్చారణ తెలియని దంతమూలీయ హల్లుగా వర్ణిస్తుంది. దాని స్థానంలో ఱ వేసినవాడు, తనకు తెలియకుండానే, భాషాచరిత్రలో ఇంకా తేలని ప్రశ్నకు సమాధానం చెప్పినట్లే. ట వేసినవాడు మరొక సమాధానం చెప్పినట్లు. 'చోఴ' శబ్దాన్ని 'చోళ'గా అచ్చువేయడం చరిత్ర పాఠ్యపుస్తకంలో సమ్మతమే కావచ్చు. శాసనపాఠంలో మాత్రం అది సాక్ష్యాన్ని చెరపడమే. కావ్యపాఠంలోనూ నష్టం తక్కువేమీ కాదు. 'అరుగు' వెళ్లడం, 'అఱుగు' జీర్ణం కావడం. 'ఏఁడు' సంవత్సరం, 'ఏడు' సంఖ్య. పాత ఫాంట్లలోని పాఠాన్ని యూనికోడ్‌కు మార్చేటప్పుడు ఈ భేదాలు జారిపోతే, ఆ పాఠంపై ఆధారపడి శకటరేఫ ప్రయోగాలను లెక్కించిన పరిశోధకుడు కవి భాషను గాక మార్పిడి సాధనాన్ని వర్ణిస్తున్నాడన్నమాట.

ఛందస్సంకేతాల స్థితి మరింత విచిత్రం. మనకు గురువు గిన్నె ఆకారపు గుర్తు, లఘువు నిలువు గీత. గ్రీకు, లాటిన్ ఛందస్సులలో దాదాపు అదే గిన్నె ఆకారం హ్రస్వాన్ని సూచిస్తుంది. యూనికోడ్ 2005లో చేర్చిన ఛందస్సంకేతాలు ఆ పాశ్చాత్య సంప్రదాయానివి. ఆకారం కలిసిందని వాటినుంచి గుర్తు తీసుకుంటే, పుటపై గణవిభజన సరిగానే కనిపిస్తుంది, సంకేతం అర్థం మాత్రం తలక్రిందులవుతుంది. ఆంగ్లాక్షరాలైన యూ, ఐలను వాడడమే మనకు అలవాటు. శాస్త్రీయం కాకపోయినా, ఇంతకంటె అది నయమని నా అభిప్రాయం.

నకారపొల్లుది మరో రకం సమస్య. న్ తరువాతి హల్లుతో కలిసిపోకుండా ఉండడానికి కంటికి కనబడని వియోజక సంకేతం చేర్చడం ఇంతకాలంగా ఉన్న పద్ధతి. ఇప్పుడు ౝ విడి అక్షరంగా వచ్చింది. చదువరికి రెండూ ఒక్కటే, శోధనయంత్రానికి కావు. పాత సంచికలలో ఒకటి, కొత్త సంచికలలో మరొకటి ఉంటే పదసూచి చీలిపోతుంది.

సాధనాలలోనూ తేడా ఉంది. వర్డ్ వంటివి లేని అక్షరానికి మరొక ఫాంటును చప్పుడు చేయకుండా తెచ్చిపెడతాయి. జీటెక్ కూర్పును ఆపదు, లోపాన్ని లాగ్ దస్త్రంలో నమోదు చేసి ముందుకు సాగుతుంది. ఆ దస్త్రాన్ని తెరిచి చూసే సంపాదకులు ఎందరు? ట్రేసింగ్‌లాస్ట్‌క్యార్స్ విలువను 3గా నిర్ణయిస్తే, 2021 తరువాతి కూర్పులలో, లోపించిన ప్రతి అక్షరమూ దోషంగా ప్రకటింపబడుతుంది. పరిష్కృత గ్రంథాలకు దీనిని తప్పనిసరి చేయాలి.

అక్షరాన్ని బొమ్మగా అతికించడం, ఫాంటులోని ప్రైవేటు స్థానంలో దాచడం ఉపాయాలు కావు. మొదటిది శోధనకు అందదు. రెండవది ఆ ఫాంటుతోపాటే మాయమవుతుంది. సంకేతం యూనికోడ్‌దే ఉండాలి, రూపం మరొక ఫాంటునుంచి రావచ్చు. అక్షరాల పరిమాణం కాస్త పొసగకపోయినా ఫరవాలేదు. యూనికోడ్‌లోనే లేని రూపమైతే, ప్రత్యామ్నాయంగా వాడినదేమిటో పీఠికలో ప్రతుల వివరణ పక్కనే చెప్పాలి. కవిలెలలోని భిన్నాంకాలకు, తూము గుర్తుకు 2008 నుంచి స్థానాలున్నాయి గనుక, వాటిని మాటలలోకి మార్చి అచ్చువేసే అలవాటుకు ఇప్పుడు ఆ సాకు కూడా లేదు.