ఎరుపును నిలబెట్టిన ముదురుపచ్చ

ఇంగ్లండ్ దక్షిణాన ససెక్స్‌లో షెఫీల్డ్ పార్క్ అనే తోట ఉంది. అక్టోబరులో అక్కడికి వెళ్లినవాళ్లు తెచ్చే ఫొటోలన్నిటిలోనూ ఎర్రటి చెట్లే ఉంటాయి. చెరువు గట్టున మంటలా లేచిన చెట్టు, నీళ్లలో తలకిందులుగా అదే చెట్టు. అందులో తప్పేమీ లేదు, ఆ ఎరుపు అంత బాగుంటుంది మరి. అయితే ఆ ఫొటోను కాసేపు పట్టుకుని ఎర్రచెట్టు వెనక ఏముందో చూడండి. దాదాపు ప్రతిసారీ అక్కడ నల్లగా కనిపించేంత ముదురుపచ్చ ఉంటుంది. పైన్లు, సెకోయాలు, సైప్రస్‌లు, ఏ కాలంలోనూ రంగు మారని కోనిఫర్లు. ఈ తోటను నాటినవాడి గొప్పతనమంతా ఆ వెనకవరసలో ఉందని నా నమ్మకం.

ఆ నాటినవాడు ఆర్థర్ గిల్‌స్ట్రాప్ సోమ్స్. బీరు తయారీలో డబ్బు గడించిన ధనవంతుడు. అతనికంటే ముందు ఈ ఎస్టేటు షెఫీల్డ్ ప్రభువులది. వారిలో మూడో ప్రభువు హెన్రీ హోల్‌రాయిడ్ పేరు క్రికెట్ అభిమానులు మరోచోట విని ఉంటారు. 1891–92లో డబ్ల్యూ.జి. గ్రేస్ నాయకత్వంలో ఇంగ్లండ్ జట్టును ఆస్ట్రేలియాకు తీసుకెళ్లి, అక్కడి క్రికెట్ కోసం 150 పౌండ్లు ఇచ్చింది ఆయనే. ఆ డబ్బుతో వచ్చిందే షెఫీల్డ్ షీల్డ్. ఆయన 1909లో చనిపోయాక ఎస్టేటు సోమ్స్ చేతికి వచ్చింది. 1934లో తాను చనిపోయేదాకా సోమ్స్ నాటుతూనే ఉన్నాడు.

అతనికి ఖాళీ నేల దొరకలేదు. పద్దెనిమిదో శతాబ్దంలోనే తోటల రూపశిల్పులు కేపబిలిటీ బ్రౌన్, ఆ తర్వాత హంఫ్రీ రెప్టన్ ఇక్కడ పనిచేశారు. నేల వాలును, చెరువులను, దూరానికి సాగే చూపును వాళ్లు తీర్చిపెట్టి పోయారు. కోనిఫర్లలో కొన్ని షెఫీల్డ్ ప్రభువు కాలంలోనే పెరిగాయి. సోమ్స్ ఆ పాత గీతలను చెరపలేదు, వాటి మీద రంగు వేశాడు. అదీ ఒక్క కాలానికి, శరత్తుకు.

శరత్తు అనగానే మనకు వానలు వెలిసిన ఆకాశం, పచ్చగా నిండిన పొలాలు, పండు వెన్నెల గుర్తొస్తాయి. ఆకులు రాలడం మనకు శిశిరంలో సంగతి. ఇంగ్లండ్‌లో అది సెప్టెంబరు చివర మొదలై నవంబరు దాకా సాగుతుంది. పగలు పొట్టిదయ్యేసరికి చెట్టు ఆకులోని పత్రహరితాన్ని విడగొట్టి, అందులోని సారాన్ని వెనక్కి లాక్కుంటుంది. పసుపు రంగు కెరోటినాయిడ్లు ఆకులో మొదటినుంచీ ఉన్నవే, పచ్చ తొలగగానే అవి బయటపడతాయి. ఎరుపు సంగతి వేరు. అది ఆంథోసయనిన్, ఆకు రాలేముందు చెట్టు కొత్తగా తయారుచేసుకునే రంగు. మన మామిడి లేతచిగురుకు రాగి రంగు ఇచ్చేదీ అదే. పగళ్లు ఎండగా, రాత్రులు మంచు కురవకుండా చల్లగా ఉన్న ఏడాది ఎరుపు బాగా పండుతుంది. మబ్బులు కమ్మితే వెలసిపోతుంది. అంటే తోటమాలి చేతిలో ఉన్నది ఏ చెట్టు పక్కన ఏ చెట్టు అన్నదొక్కటే. మిగతాది ఆ ఏడాది వాతావరణం చేతిలో ఉంటుంది.

సోమ్స్ మనసుపడ్డ చెట్టు నిస్సా. ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతాల చెట్టు, తడినేలను ఇష్టపడుతుంది. దీని వేరు సూటిగా లోతుకు దిగుతుంది కనుక పెరిగిన మొక్కను తీసి మరోచోట నాటితే ఒప్పుకోదు. పెరుగుదల కూడా నిదానం. అలాంటి చెట్టును అతను వందల్లో నాటించాడు. నిస్సా ఆకు కోలగా, నున్నగా, మెరుపుతో ఉంటుంది. రంగు తిరిగేటప్పుడు చెట్టంతా ఒకేసారి మారదు. ఒక కొమ్మ పసుపులో ఉండగా ఇంకోటి నారింజకు వచ్చి, పైకొమ్మ అప్పటికే సిందూరమైపోతుంది. విత్తనం నుంచి పెంచిన మొక్కల్లో ఏ రెండూ ఒకే రోజున, ఒకే ఛాయలో పండవు. అందుకే గుంపుగా నాటడంలో అర్థముంది. ఒంటరి నిస్సా కొద్దిరోజుల వైభవం. గుంపు అయితే ఒకటి ఆరుతుంటే పక్కది అందుకుంటుంది. ఆ గుంపుల్లోంచి ఏరిన ఒక రకం ఈ తోట పేరుతోనే నర్సరీల్లో దొరుకుతుంది, అది తోటివాటికంటే ముందే రంగు తిరుగుతుంది.

ఇప్పుడు పక్కన ఏముందో చూద్దాం. నిస్సాకు దాపున జపాను మేపుల్. దాని ఆకు వేళ్లలా చీలి, గాలికి కదిలే సన్నటి పొర. నిస్సా ఎరుపు బరువుగా కుదురుకుని ఉంటే, మేపుల్ ఎరుపు చిల్లుల్లోంచి వెలుతురును వదులుతుంది. రెండూ ఎరుపే అయినా కలిసి ముద్దకావు, ఆకు ఆకారమే వాటిని విడదీస్తుంది. రంగుల జత గురించి మాట్లాడేవాళ్లు ఈ మాట తరచూ వదిలేస్తారు. దూరం నుంచి పనిచేసేది రంగు. పది అడుగుల దగ్గరకొస్తే ఆకు కోత, నునుపు, కొమ్మ సాగిన తీరు ముందుకొస్తాయి. మధ్యమధ్య బర్చ్ చెట్ల తెల్లని మాను, పైన చిల్లర నాణేలంత పసుపు ఆకులు. నీటి అంచున పాంపస్ గడ్డి వెండి కుచ్చులు. ఈ గడ్డిని నేను మామూలుగా ఇష్టపడను, పెరళ్లలో ఒంటరిగా నిలబెట్టినప్పుడు ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇక్కడ మాత్రం అది కావాలి. ఎరుపు, నలుపుపచ్చల మధ్య ఆ తెలుపు లేకపోతే నీడ ఎక్కడ మొదలైందో గట్టు ఎక్కడ ఆగిందో కంటికి తెలియదు. నేల మీద జెన్షియన్ పూల నీలం. ఇవి శరత్తులోనే పూస్తాయి, అంత ఎరుపు కింద ఆ చల్లని నీలం కంటికి విశ్రాంతి.

స్వాంప్ సైప్రస్ ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన చెట్టు. చూడటానికి కోనిఫరే, కానీ ఆకు రాల్చే కోనిఫర్. మేపుల్స్ ఖాళీ అవుతున్న రోజుల్లో అది ఇటుక రంగుకు తిరుగుతుంది. సోమ్స్ జతకట్టింది రంగులను మాత్రమే కాదు, వారాలను కూడా. నిస్సా ముందు, మేపుల్ మధ్యలో, ఓక్‌లు, స్వాంప్ సైప్రస్ చివర. ఏ వారం వెళ్లినా చెరువులో ఏదో ఒక ఎరుపు ఉంటుంది, ఏ వారమూ అన్నీ ఒక్కసారి అరవవు.

వెలుతురు కూడా ఈ పనిలో భాగమే. అక్టోబరు మధ్యలో ససెక్స్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 30 డిగ్రీల ఎత్తుకు మించడు. అదే రోజు హైదరాబాదులో 64 డిగ్రీలు. అంత వాలుగా వచ్చే ఎండ ఆకు మీద పడి ఆగదు, ఆకును దాటి వస్తుంది. సూర్యుడికి ఎదురుగా నిలబడి చూస్తే ప్రతి ఆకూ లోపలినుంచి వెలుగుతుంది. ఆ వెలుగు కనపడాలంటే వెనక చీకటి ఉండాలి. ఆకాశం వెనకుంటే ఎరుపు పాలిపోతుంది, గోధుమరంగు పొదలుంటే కలిసిపోతుంది. ముదురు కోనిఫర్ ఉంటేనే దాని అంచు నిలుస్తుంది. నీలిబూడిద రంగు కోనిఫర్లున్న చోట అదే ఎరుపు ఇంకో స్వభావంతో, కొంచెం చల్లబడి, ఊదా వైపు ఒరుగుతుంది.

1954 నుంచి తోట నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో ఉంది. 1987 అక్టోబరు 16 తెల్లవారుజామున వచ్చిన పెనుగాలి దక్షిణ ఇంగ్లండ్ అంతటా చెట్లను కూల్చింది, ఇక్కడా కూల్చింది. తర్వాత మళ్లీ నాటారు. జపాను మేపుల్ నాటినవాడు దాని ఎరుపును తానే చూసుకుంటాడు. కానీ దాని వెనక గోడలా లేవాల్సిన సెకోయాకు ఒక తరం పైనే పడుతుంది.

కడియపులంక నర్సరీల నుంచి క్రోటన్లు బండికెత్తుకొచ్చే మనవాళ్లకు ఈ తోటలో పనికొచ్చేది ఈ వెనకవరస సంగతే. క్రోటన్ రంగు ఎండకు తేలుతుంది, నీడలో పచ్చబడుతుంది, కాబట్టి చోటు ఎండలోనే ఇవ్వాలి. వెనక తెల్ల సున్నం గోడ ఉంటే మాత్రం ఆ పసుపు, ఎరుపు మచ్చలన్నీ గోలగా కనిపిస్తాయి. ముందు ఒక పొగడనో పనసనో ఉత్తరం వైపు నాటి, అది గుబురెక్కాక దాని ముందు రెండే రకాల క్రోటన్లు, ఒకటి వెడల్పాకుది, ఒకటి సన్నాకుది, గుంపుగా పెట్టి చూడండి.