గేమ్ బాయ్: అనుకరణకు అందినది, అందనిది

1989లో నింటెండో సంస్థ వెలువరించిన గేమ్ బాయ్ చేతిలో పట్టు ఆటయంత్రము. దాని తెరపై అడ్డముగా 160, నిలువుగా 144 చుక్కలు, ఛాయలు నాలుగే. నేడు విశాఖపట్నములోని సామాన్యమైన కంప్యూటరు సైతము 'సేమ్‌బాయ్' అను ఎమ్యులేటరుతో ఆ ఆటలను ఆడింపగలదు. ఎమ్యులేటరనగా ఒక యంత్రము పనిని మరొకదానిపై అనుకరించు ప్రోగ్రాము. పాత ప్రాసెసరునకు సెకనుకు సుమారు 42 లక్షల గడియార స్పందనలు. ఆ లయ తప్పకుండ ఆజ్ఞలను నెరవేర్చుటలో సేమ్‌బాయ్ నేర్పు మెచ్చదగినది.

అయినను లెక్క కుదిరినంత మాత్రమున చూపు కుదరదు. పాత ద్రవస్ఫటిక తెరపై చుక్కలు మెల్లగా మారెడివి. ఒక చిత్రము చెరగకముందే మరొకటి పడెడిది. కొందరు ఆటల నిర్మాతలు ఈ లోపమునే ఉపాయముగ గైకొనిరి. బొమ్మను ఒక ఫ్రేమున చూపి మరుఫ్రేమున దాచినచో, అది పలుచని నీడవలె కానవచ్చెడిది. నేటి చురుకైన తెరపై అదే నీడ మినుకుమినుకుమనును.

వరుస ఫ్రేములను కలిపి చూపు సదుపాయము సేమ్‌బాయ్‌లో కలదు. దాని నెరుగని విద్యార్థి ఆ మినుకును నిర్మాత తప్పుగా భావించును. ఉపాధ్యాయులు, అనుమతిగల ఆటప్రతితో, దానిని ఒకమారు ఆపి, ఒకమారు నడిపి చూపినచో భేదము స్పష్టమగును. తెర మందకొడితనము కూడ యంత్రములో భాగమే. దానిని విడిచిన అనుకరణ సగమే.