పీపా మీద సుద్దగీత

వైన్ రుచి గురించి రాసేవాళ్ల మీద జోకులు ఊరికే పుట్టలేదు. ఒక్క గుక్క తాగి అడవిపళ్లు, తడిసిన మట్టి, గంధపు చెక్క, పాత బీరువా అంటూ పది పేర్లు వల్లిస్తారు. వైన్ ఎంత గాఢంగా ఉంటే ఆ జాబితా అంత పొడుగవుతుంది. దక్షిణ స్పెయిన్‌లోని హెరేస్ పట్టణంలో మాత్రం ఈ పని తరతరాలుగా సుద్దముక్కతో సాగింది. నల్లరంగు పూసిన పీపా ముఖం మీద ఒక గీత, లేదంటే గీతా చుక్కా, లేదంటే రెండు గీతలు. అంతకంటే వర్ణన లేదు. ఆ వైన్ మరో పదేళ్లు, ముప్పై ఏళ్లు ఎలా బతకాలో ఆ గీతే తేల్చేది. అక్షరాలా తలరాతే.

ఇంగ్లీషువాళ్లు షెర్రీ అని పిలిచే వైన్ ఇదే. హెరేస్, సన్లూకర్, ఎల్ పుయెర్తో దె సాంత మరియా అనే మూడు ఊళ్ల మధ్య పుడుతుంది. దాని మీద ఇంగ్లీషువాళ్ల మోజు ఈనాటిది కాదు. 1587లో ఫ్రాన్సిస్ డ్రేక్ కాదిస్ రేవు మీద దాడి చేసి 2,900 పీపాలు ఎత్తుకుపోయాడని చెబుతారు. తర్వాత కొన్నేళ్లకే షేక్స్‌పియర్ 'నాలుగో హెన్రీ' రెండో భాగంలో ఫాల్‌స్టాఫ్ నోట ఈ వైన్‌కు పెద్ద స్తోత్రమే చదివించాడు. చరిత్ర ఇంతటితో చాలు, మన పని రుచితో.

ఇంత ఘాటైన వైన్‌కు మూలమైన ద్రాక్ష చప్పటిది. దాని పేరు పాలోమినో. సుద్దలాంటి తెల్లటి అల్బారిసా నేలలో పండుతుంది. ఆ నేల శీతాకాలపు వానను పీల్చుకుని, ఎండాకాలంలో పైన పెచ్చు కట్టి, లోపలి తడిని ఆవిరి కానివ్వదు. తీగకు నీటి కరువు ఉండదు, పండుకు మాత్రం చెప్పుకోదగ్గ వాసన ఉండదు. రసాన్ని పులియబెడితే 11, 12 శాతం ఆల్కహాలుతో నెమ్మదైన తెల్ల వైన్ వస్తుంది. పండు నుంచి వచ్చింది ఇంతే. మిగతా గాఢత అంతా పీపాలోకి దిగాక పుట్టిందే. అందుకే హెరేస్‌లో రుచి చూసేవాడు ఇందులో ఏ పండు వాసన ఉందని అడగడు. దీనికి ఏం జరిగింది, ఇంకా ఏం జరగబోతోంది అని అడుగుతాడు. లోకంలోని వైన్ రసికులు హెరేస్ నుంచి నేర్చుకోవలసింది ఈ ప్రశ్నే అని నా నమ్మకం.

ఆ ప్రశ్న అడిగే మనిషి కపతాస్, అంటే వైన్ గిడ్డంగి పెద్ద. ఆయన చేతి పనిముట్టు వెనెన్సియా, పొడవాటి వంగే కాడకు చివర సన్నని లోహపు గిన్నె. పూర్వం ఆ కాడ తిమింగలం ఎముకతో చేసేవారు. సన్లూకర్‌లో మాత్రం మొత్తం ఒకే వెదురు ముక్క. పీపా పైనున్న రంధ్రంలోంచి దాన్ని నిటారుగా దించి, చప్పున పైకి లాగి, తలెత్తు నుంచి గ్లాసులోకి సన్నని ధారగా పోస్తారు. పర్యాటకులకు అదో విన్యాసం. అసలు ఉద్దేశం వేరు. పీపాలో వైన్ మీద తేలే పొరను వీలైనంత తక్కువ చెదరగొట్టి, దాని కింది వైన్‌ను తీయడం. కపతాస్ చాలాసార్లు తాగడు కూడా. రోజుకు లెక్కలేనన్ని పీపాలు చూడాలి, నాలుక మొద్దుబారుతుంది. ముక్కుతోనే తేల్చేసి సుద్దముక్క అందుకుంటాడు.

ఆ పొర పేరు ఫ్లోర్. ఈస్ట్ కణాలు వైన్ ఉపరితలం మీద అల్లుకున్న తెల్లటి తెర అది. దానికి గాలి కావాలి కాబట్టి పీపాను నిండా నింపరు. 600 లీటర్ల పీపాలో 500 లీటర్లే పోస్తారు. ఆల్కహాలు 15 శాతం దగ్గర ఉంటే ఫ్లోర్ హాయిగా బతుకుతుంది, 17 దాటితే చచ్చిపోతుంది. సుద్దగీత తేల్చేది సరిగ్గా ఇదే. సన్నగా, శుభ్రంగా ఉన్న వైన్‌కు ఒక గీత, అంటే ద్రాక్ష సారాయి కొద్దిగా కలిపి 15 దగ్గర ఆపు, ఫ్లోర్‌కు అప్పగించు. బరువుగా ఉంటే మరో గుర్తు, అంటే 17 దాటించు, గాలికి వదిలెయ్యి. ఈ రోజుల్లో చాలా గిడ్డంగుల్లో మెల్లగా పిండిన మొదటి రసం ఫ్లోర్ దారికి, గట్టిగా పిండినది గాలి దారికి అని ముందే విడదీస్తున్నారు. అయినా మధ్యలో మనసు మార్చుకునే పీపాలు ఉంటూనే ఉంటాయి.

ఫ్లోర్ కింద పెరిగినది ఫీనో. ఫ్లోర్ దాన్ని గాలి నుంచి కాపాడుతూనే లోపల ఉన్న గ్లిజరిన్‌ను తినేస్తుంది. వైన్‌కు నునుపునిచ్చేది ఆ గ్లిజరినే. అది పోయాక నోట్లో ఏ మెత్తదనమూ మిగలదు. దానికి తోడు ఫ్లోర్ వదిలే అసిటాల్డిహైడ్. కోసి పళ్లెంలో వదిలేసిన ఆపిల్ ముక్క, పచ్చి బాదం, పులిసిన పిండి కలగలిసిన వాసన అది. ముక్కులో సూదిలా గుచ్చుతుంది, హెరేస్‌వాళ్లు దాన్ని అలాగే వర్ణిస్తారు. రంగు చూస్తే గడ్డిపోచంత లేత. మొదటిసారి తాగినవాళ్లు ముఖం చిట్లిస్తారు. తేలికగా ఉండే వైన్ గాఢంగా ఉండలేదనుకోవడం పొరపాటని ఫీనో తొలి గుక్కలోనే చెబుతుంది.

గాలి దారి పట్టినది ఒలొరోసో. పొర కాపలా లేదు, ఏళ్ల తరబడి గాలి పని చేస్తుంది. చెక్క రంధ్రాల్లోంచి ఏటా మూడు నుంచి ఐదు శాతం దాకా ఆవిరైపోతుంది. పోయేది ఎక్కువగా నీరే కాబట్టి మిగిలినది చిక్కబడుతుంది, ముసలి ఒలొరోసోలో ఆల్కహాలు 20 శాతం దాటుతుంది. మహోగని రంగు, అక్రోటు, చుట్ట పొగాకు, పాత తోలు, పాకం ముదిరిన చక్కెర. అనుభవం లేనివాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ముక్కు దగ్గర పెట్టుకుంటే తియ్యటి మిఠాయిలా ఉంటుంది. తాగితే పిసరంత తీపి ఉండదు. వాసన తీపిని గుర్తుచేస్తుందే కానీ తీపి నాలుకకు మాత్రమే తెలిసే విషయం. వాసన చూసి 'తియ్యగా ఉంది' అని రాసేసినవాడి నోట్సును నేను ఇక చదవను.

ఈ రెండింటికీ మధ్య అమోంతియాదో. కొన్నేళ్లు ఫ్లోర్ కింద ఉండి, పొర చచ్చాక గాలిలో పెరిగిన వైన్ ఇది. ఫీనో ఎముకలకు ఒలొరోసో కండ పట్టినట్టు ఉంటుంది. హేజెల్‌నట్, ఉప్పుదనం, వాటి వెనక ఇంకో వాసన. వైన్ పుస్తకాలు దాన్ని 'కర్రీ' వాసన అంటూ తప్పించుకుంటాయి. ఏ కూర? ఎవరింటి కూర? ఆ వాసనకు కారణమైన పదార్థం సోటోలాన్. మెంతుల వాసనకు కూడా ప్రధాన కారణం అదే. లీటరులో మైక్రోగ్రాముల లెక్కన ఉన్నా ముక్కు పసిగట్టేస్తుంది. ఫ్రాన్స్‌లో జూరా ప్రాంతపు పసుపు వైన్‌లో, పాత మదైరాలో, పాత రమ్ములో కూడా ఇదే ఉంటుంది. దోరగా వేయించిన మెంతుల వాసన చిన్నప్పటి నుంచి తెలిసిన తెలుగు ముక్కుకు పారిస్ ముక్కు కంటే ఇక్కడ ఒక మెట్టు ముందే పని మొదలవుతుంది. ఆ సంగతి మనవాళ్లే ఎక్కువమంది గమనించరు.

పీపాలను అంతస్తులుగా పేరుస్తారు. కింది వరుస సొలేరా, పై వరుసలు క్రియాదేరాలు. సీసాకు కావలసింది కింది వరుస నుంచి కొంచెం తీస్తారు, ఆ ఖాళీని పై వరుసతో, దాని ఖాళీని ఇంకా పై వరుసతో నింపుతారు. పెరుగు తోడుకు ఇది తలకిందుల వ్యవహారం. మనం కొత్త పాలలో చారెడు పాత పెరుగు వేస్తాం, వాళ్లు పాత వైన్‌లో చారెడు కొత్తది వేస్తారు. పాతది కొత్తదాన్ని తన దారికి తెచ్చుకుంటుంది. అందువల్ల షెర్రీ సీసా మీద ద్రాక్ష కోసిన ఏడు సాధారణంగా ఉండదు. 'ఏ ఏటిది' అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు లేదు, సగటు వయసు మాత్రమే ఉంది.

ఇక రుచి చూసే తీరు. గ్లాసు తులిప్ పువ్వు ఆకారంలో చిన్నది, మూడో వంతు మాత్రమే పోయాలి. తిప్పకముందే ఒకసారి వాసన చూడాలి. గాఢమైన వైన్‌ను వెంటనే గిరగిరా తిప్పితే ఆల్కహాలు పైకి ఎగదన్ని మిగతావాటిని కప్పేస్తుంది. ఫీనో ఏడెనిమిది డిగ్రీల చల్లదనంలో, అమోంతియాదో 12 నుంచి 14 దాకా. వరుస కూడా ముఖ్యమే. ఫీనో ముందు, తియ్యటివి చివర. తారుమారైతే ఫీనో వట్టి నీళ్లలా తోస్తుంది. నోట్లోకి ఒక చెంచాడు చాలు. కొద్దిగా గాలి పీల్చి, నాలుక అంతటా తిప్పి, ఉమ్మేయాలి. అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది. గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసన ఎంతసేపు నిలుస్తుంది, నిలిచినంతసేపూ ఒకే తీరుగా ఉందా, మారుతోందా? మంచి ముసలి ఒలొరోసోలో ముందు అక్రోటు వచ్చి, తర్వాత ఉప్పు, ఆ తర్వాత చేదు అంచు వస్తాయి. ముక్కు త్వరగా అలసిపోతుంది. అప్పుడు మొండిగా ఇంకా గట్టిగా పీల్చడం దండగ. గ్లాసు పక్కన పెట్టి బయటికి వెళ్లి రావాలి. ఖాళీ అయిన గ్లాసును కడగకుండా ఉంచి మర్నాడు చూడడం కూడా ఈ వృత్తిలో ఉన్నదే. ఆల్కహాలు ఎగిరిపోయాక మిగిలిన వాసన అబద్ధం చెప్పదు.

వర్ణించే తీరు గురించి వాదం చాలా ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో ఆన్ నోబుల్ 1984లో వాసనల చక్రం ప్రచురించారు. 'గంభీరం', 'సొగసు' లాంటి మాటలను పక్కనపెట్టి లవంగం, మిరియం, ఎండుద్రాక్ష అని చూపించగలిగిన వస్తువుల పేర్లే వాడమన్నారు. ఆ వస్తువును మామూలు వైన్‌లో వేసి వాసన చూపించి నేర్పేవారు. మంచి శిక్షణ, ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. అయితే 2001లో బోర్డోలో మోరో, బ్రోషే, దుబుర్దియూ 54 మంది వైన్ విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. విద్యార్థులు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే పళ్ల పేర్లతో వర్ణించారు. పేర్లు ముక్కు నుంచి కాక కళ్ల నుంచి వచ్చాయి.

ఇది చదివి వైన్ వర్ణన అంతా బూటకం అనేవాళ్లతో నేను ఏకీభవించను. వస్తువుల జాబితాకు కంటి మోసం నుంచి రక్షణ లేదన్నంత వరకే ఆ ప్రయోగం చెప్పింది. కపతాస్ మాట తప్పయితే ఒక పీపా పాడైపోతుంది, అందుకే ఆయన జాబితా రాయడు, తీర్పు రాస్తాడు. ఫ్లోర్ పని చేసిందా, గాలి ఎంత తగిలింది, వయసు ఎంత, చెక్క చేదు ఎక్కువైందా? ముందు వీటికి జవాబులు రాసి, ఆ తర్వాత అక్రోటో మెంతులో తట్టితే చేర్చండి. నోట్సు మూడు వాక్యాల్లో తేలిపోతుంది.

ఈ పద్ధతి ఎంత సూక్ష్మమో పాలో కోర్తాదోను చూస్తే తెలుస్తుంది. ఫీనో కావాలని ఒక గీత గీసిన పీపా ఒక్కోసారి ఫ్లోర్‌ను వదిలేసుకుని, బరువెక్కుతూ గాలి దారిలోకి మళ్లుతుంది. కపతాస్ ఆ గీతకు అడ్డంగా ఇంకో గీత కొట్టేవాడు. ఆ కొట్టేసిన గీతే ఆ వైన్ పేరయింది. వాసనలో అమోంతియాదో, నోట్లో ఒలొరోసో. దాన్ని గుర్తించాలంటే వాసన విడిగా, నోటి స్పర్శ విడిగా రాసుకునే అలవాటు ఉండాలి. రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేసేవాళ్లకు అది దొరకదు.

తియ్యటి కొసన పేద్రో హిమేనెస్. ఇది ద్రాక్ష పేరే. కోసిన పళ్లను ఎండలో ఆరబెట్టి పిండుతారు. లీటరుకు 400 గ్రాముల చక్కెర మామూలే. నల్లగా గ్లాసు గోడలకు అంటుకుంటుంది. ఖర్జూరం, అంజూరం, కాఫీ. వర్ణించడం సులువు, రెండో గ్లాసు తాగడమే కష్టం.

2000 నుంచి హెరేస్ నియంత్రణ మండలి సగటు వయసు 20, 30 ఏళ్లు దాటిన వైన్లకు ప్రత్యేక ముద్ర ఇస్తోంది. కార్బన్-14 పరీక్ష ఒక వైపు, రుచి చూసే నిపుణుల బృందం మరో వైపు. లెక్కకు వయసున్నా రుచిలో ఆ స్థాయి లేకపోతే ముద్ర దక్కదు. ముసలి వైన్ చెక్కలా చేదెక్కి నోరు పిడచ కట్టించడం అరుదు కాదు. ఆ కరుకుదనాన్ని కప్పడానికి కొందరు కొద్దిగా పేద్రో హిమేనెస్ కలుపుతారు. ఒకప్పుడు అలాంటి వాటిని 'తీపి ఒలొరోసో' అని అమ్మేవారు. 2012 నిబంధనలు ఆ పేరును తీసేశాయి. ఒలొరోసో అంటే తీపి లేనిదే, చక్కెర మామూలుగా లీటరుకు 5 గ్రాములు దాటకూడదు. తీపి కలిపితే సీసా మీద 'క్రీమ్' అనో 'మీడియం' అనో రాయాలి. క్రీమ్ షెర్రీలో ఐసు ముక్కలు, నారింజ తొక్క వేసుకుని తాగేవాళ్లను నేనేమీ అనను. వాళ్లు ఏం తాగుతున్నారో ఇప్పుడు సీసా మీదే ఉంది.