ఎరుకకు మార్కులు

“ఊపిరి పీల్చండి... నెమ్మదిగా వదలండి” అని ఇంగ్లీషులో ఓ దొరగారి గొంతు తెల్లారుజామున మా ఇంట్లో వినిపించిందంటే, అది మా అమ్మాయి నిర్వాకమే. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు, “ఊరికే చిరాకు పడుతున్నావమ్మా, నిద్ర కూడా పట్టడం లేదంటున్నావు” అంటూ నా సెల్‌ఫోనులో ధ్యానం నేర్పే యాప్ ఒకటి పెట్టి, మూడు నెలలకు చందా కూడా కట్టి వెళ్ళింది. కథలనూ సినిమాలనూ విమర్శిస్తాం కదా, దీన్ని మాత్రం ఎందుకు వదలాలి?

ముందు మంచి మాట. రాత్రి నడుం వాల్చగానే మర్నాటి టిఫినూ, పాల లెక్కా, అత్తయ్యగారి మందులూ బుర్రలో గిరగిరా తిరుగుతాయి. వాటితో పోట్లాడకు, వచ్చాయని గమనించి మళ్ళీ ఊపిరి దగ్గరికి రా అంటుంది యాప్. అలా చేస్తే కొన్ని రాత్రులు నిజంగానే నిద్ర పట్టింది. ఆ మేలు మరిచిపోను.

అసలు ఇది దొరల విద్య కాదు. బౌద్ధులు పాళీలో ‘సతి’ అన్నారు. మనకు ‘ఎరుక’ అనే చక్కని మాట ఉంది. 1979లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన అమెరికాలో, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో, ఏళ్ళ తరబడి నొప్పులతో బాధపడేవాళ్ళ కోసం దీన్ని కొన్ని వారాల తరగతులుగా మలిచాడు. ఎదుట గురువు, పక్కన తోటివాళ్ళు, ఇంటి దగ్గర రోజూ ముప్పావుగంట సాధన. 2010లో ఆండీ పుడికోంబ్ అనే మాజీ బౌద్ధ భిక్షువు, మరొకరితో కలిసి లండన్‌లో ‘హెడ్‌స్పేస్’ ప్రారంభించాడు. అలాంటివాటి పుణ్యమా అని విద్య సెల్‌ఫోనులోకి దూరి, పది నిమిషాలకు కుదించుకుపోయింది. విపశ్యన శిబిరాల్లోనేమో ముందు సెల్‌ఫోను తీసుకుని దాచేస్తారు. ఇక్కడ ఆ సెల్‌ఫోనే గురువుగారు!

నా అసలు ఫిర్యాదు ఆ గురువుగారి మార్కుల మీద. వరసగా ఎన్ని రోజులు కూర్చున్నామో లెక్క కడతారు. నాకు 19 వచ్చింది. చిన్నపిల్లలా మురిసిపోయాను కూడా. ఇరవయ్యో రోజున అత్తయ్యగారికి జ్వరం. రాత్రంతా నుదుటిమీద తడిగుడ్డ మారుస్తూ, ఆవిడ ఊపిరి వింటూ కూర్చున్నాను. ఆ రాత్రి నా మనసు ఒక్క క్షణమైనా పక్కకు పోలేదు. తెల్లారి ఫోను చూద్దును కదా, నా లెక్క సున్నా! పైగా, “మీకోసం మీరు కాస్త సమయం కేటాయించుకోండి” అని సలహా ఒకటి. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఎరుకంటే కళ్ళు మూసుకుని కూర్చోవడం ఒక్కటే అని దానికెవరు చెప్పారో!

అయితే ఈ యాప్ తనకు తెలియకుండా నాకో ఉపకారం చేసింది. ఇదివరకు కిటికీ దగ్గర కాఫీగ్లాసుతో కూర్చుంటే, “ఖాళీగానే ఉన్నావుగా, ఈ చొక్కాకి గుండీ కుట్టు” అనేవారు మా వారు. చెవుల్లో తీగలు పెట్టుకుంటే మాత్రం, “మీ అమ్మ ధ్యానంలో ఉంది” అని మా అబ్బాయితో గుసగుసగా చెప్పేవారు. ఓ రోజు ఫోనులో ఛార్జింగ్ అయిపోయింది. తీగలు తీయకుండా అలాగే కూర్చున్నాను. కూరలబండి కేక, గోడమీద ఉడుత, ఎండ. ఎవరూ పిలవలేదు. మూడు నెలల్లో నాకు దొరికిన అసలైన ధ్యానం అదే.

మందు ఊపిరిలో ఎంత ఉందో, నన్నెవరూ పిలవకపోవడంలో ఎంత ఉందో మీరే చెప్పండి.

చందా గడువు అయిపోయింది. మళ్ళీ కట్టవద్దని అమ్మాయితో చెప్పేశాను. నిన్న ధైర్యం చేసి, “ఏమండీ, రోజూ ఓ పది నిమిషాలు నన్ను పిలవకండి” అన్నాను. మా వారు పేపరు దించి, “దానికేం, కూర్చో” అన్నారు. ఇంత సులువా అనుకున్నాను.

అయిదో నిమిషంలోనే, “కాఫీపొడి డబ్బా ఎక్కడ పెట్టావోయ్?” అని వినిపించిందనుకోండి. తీగలు ఇంకా పారెయ్యలేదు లెండి!