కమురు వాసన

శ్రావణమాసంలో సోమవారం, గురువారం వచ్చిందంటే ఉరుకుందలో కాలు పెట్టడానికి చోటుండదు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచే కాదు, కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి కూడా ఈరన్న స్వామి దగ్గరికి జనం వస్తారు. మొన్న గురువారం మేమూ పోయాం. మూడు రాళ్ల పొయ్యి మీద నైవేద్యం ఉడుకుతుంటే మా మేనల్లుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బెంగళూరులో ఒక గోదాములో పని వాడికి. సరుకు విప్పడం, స్టిక్కర్లు అంటించడం, లారీకెక్కించడం. ఈ మధ్యే పద్దెనిమిది మందికి షిఫ్ట్ లీడర్ని చేశారట. ఆ పద్దెనిమిది మందిలో సగం మంది వయసులో వీడికంటే పెద్దవాళ్లు.

"మామా, వాళ్లు నా మాట వినాలంటే ఏం చేయాల?" అన్నాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వాడి వయసులో ఆ ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు. నాకు తెలుసనుకున్నాను. నాకు తెలుసనుకున్నందుకు ఒకామె చెయ్యి కాలింది.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఒక జిన్నింగ్ మిల్లులో రాత్రి షిఫ్టుకు సూపర్‌వైజర్ని చేశారు. సీజన్లో పత్తి బండ్లు వస్తూనే ఉంటాయి, జిన్ను ఆగకూడదు. క్వింటాలు పత్తి ఆడిస్తే ఇంచుమించు మూడోవంతు దూది వస్తుంది, మిగిలింది దాదాపు అంతా గింజ. ఆ దూదిని నొక్కి 170 కిలోల బేళ్లు కడతారు. తెల్లారేసరికి ఎన్ని బేళ్లయినాయి అన్నదొక్కటే నా ధ్యాస. రాత్రంతా మిషన్ల మధ్య తిరుగుతూ, ఎవరైనా కాసేపు నిలబడితే అరుస్తూ, అదే పెత్తనమనుకున్నాను.

ఒక రాత్రి జిన్ను దగ్గరున్న పిల్లోడు మిషన్ ఆపేశాడు. "శబ్దం ఏదో తేడాగా వచ్చిందన్నా" అన్నాడు. విప్పి చూస్తే ఏమీ లేదు. పావుగంట పోయింది. అందరి ముందర వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంకోసారి ఊరికే ఆపితే ఇంటికి పొమ్మన్నాను. వాడు తల వంచుకుని మళ్లీ పత్తి తోయడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లు నన్ను చూసి కళ్లు దించుకున్నారు. భయపడ్డారు కదా, ఇక పని సాగుతుందని సంతోషపడ్డాను.

నాలుగు రాత్రుల తర్వాత అదే జిన్ను దగ్గర కమురు వాసన వచ్చింది. వాడికి తెలిసింది. వాడి పక్కవాడికీ తెలిసింది. ఇద్దరూ చెప్పలేదు.

దూదిలో నిప్పు ఎట్లా ఉంటుందో మిల్లులో పనిచేసినవాళ్లకే తెలుస్తుంది. పత్తితోపాటు చిన్న రాయో, ఇనుప ముక్కో వచ్చి కత్తికి తగిలితే రవ్వ లేస్తుంది. ఆ రవ్వ దూదిలో పడినా అప్పుడే మంట రాదు, లోలోపల రాజుకుంటూ పోతుంది. కుప్ప పైన చెయ్యి పెడితే చల్లగా, చూస్తే తెల్లగా ఉంటుంది. ఆడించిన దూదికి పుట్టుకతో వచ్చిన మైనం పూత ఉంటుంది కాబట్టి నీళ్లు కొట్టినా సులభంగా లోపలికి ఇంకవు, పైపైన జారిపోతాయి. బేలు కట్టేసిన తర్వాత కూడా రోజుల తరబడి నిప్పు లోపల దాక్కుని ఉండగలదు. కంటికి కనబడేలోపే పసిగట్టేది ముక్కు ఒక్కటే. ఆ ముక్కు పనివాళ్లది. బేళ్ల లెక్కలో మునిగిన నాది కాదు.

దూది ఎత్తుతున్న ఒకామె చేతికింద కుప్ప ఒక్కసారిగా ఎర్రగా విచ్చుకుంది. మోచెయ్యి దాకా కాలింది. ప్రాణం పోలేదు, అదే దేవుడి దయ. ఆర్పేసరికి తెల్లారింది. ఓనరు వచ్చి ఎవరి తప్పు అని అడిగితే, నేను ఆ పిల్లోణ్ణి చూపించాను. వాసన వచ్చినా చెప్పలేదన్నాను. ఎందుకు చెప్పలేదో మాత్రం నేను చెప్పలేదు. మరుసటి రోజు వాడు పనికి రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

రెండు నెలలకు నా పనీ పోయింది. ఆ ఏడు మా అమ్మతోపాటు నేనూ సుగ్గికి పోయాను.

సుగ్గి అంటే కన్నడంలో పంటకోతల కాలం. మా కౌతాళం, కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు మాత్రం ఆ మాటకు ఇల్లు తాళం వేసి బతకపోవడం అని అర్థం. పత్తి తీయడానికో, మిరపకాయలు తెంపడానికో గుంటూరు వైపు, తెలంగాణ వైపు కుటుంబాలకు కుటుంబాలే పోతాయి. చంకలో పిల్లలు, నెత్తిన గంపలు, కప్పుకోవడానికి ఒక పట్టా. ఒక్కో ముఠాకు ఒక మేస్త్రి. మా ముఠాకు మేస్త్రి నాకు పెద్దమ్మ వరస అయ్యే మనిషి. సంతకం పెట్టడం రాదు. ఇరవై ఆరు మందిని ఊరుకాని ఊరికి తీసుకపోయి, మూడు నెలలు పని చేయించి, తిరిగి ఉగాదికి ఇంటికి చేర్చే పూచీ ఆమెది.

చేనికి పోయిన మొదటి రోజు ఎవరినీ సాళ్లలోకి దిగనియ్యలేదు. రైతుతో కలిసి తానొక్కతే ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. అక్కడక్కడ కూర్చుని చెట్టును పక్కకు వంచి కాపు చూసింది. కాపు పలచగా ఉన్నచోట కిలో లెక్కన ఒప్పుకుంటే ఎంత తెంపినా కూలి గిట్టదు. అందుకే అక్కడ రోజు కూలి అడిగింది, కాపు ఒత్తుగా ఉన్నచోట కిలో లెక్క. ఆ మాట తేలిన తర్వాతే మమ్మల్ని పిలిచింది. సాళ్లు పంచడంలోనూ ఆమెకొక లెక్కుంది. చెయ్యి ఆడని ముసలాయన పక్కన చురుకైన పిల్లను నిలబెట్టింది. బాలింతకు గట్టు పక్క సాలు ఇచ్చింది, ఉయ్యాల కట్టిన చెట్టు అక్కడికి దగ్గర. నాకు తన పక్క సాలే ఇచ్చింది. మిల్లులో పెద్దరికం చేసొచ్చిన చేతులు మిరపచేలో నిలబడవని ఆమెకు తెలుసు.

సాయంత్రమయ్యేసరికి మిరప ఘాటుకు వేళ్లు నిప్పుల్లో పెట్టినట్టు మండేవి. రోజూ గుడారం ముందు అందరి చేతులూ చాపించి చూసేది. ఎవరి వేళ్లు పగిలాయో వాళ్లకు మరునాడు తెంపే పని లేదు, బస్తాలు కుట్టేది, వంట చూసేది. అడిగి ఊరుకునేది కాదు, చూసేది. "బాగున్నాయా?" అంటే ఎవరైనా బాగున్నాయనే అంటారు, కూలి పోతుందని. అరచేయి అబద్ధం చెప్పదు.

రాత్రి లెక్క. ఏడో తరగతి చదివిన పిల్ల ఒకతి లాంతరు దగ్గర నోట్‌బుక్ తెరిచేది. ఎవరు ఎన్ని కిలోలు తెంపారో అందరికీ వినబడేట్టు చదివేది. ప్రతి పేరు దగ్గరా మేస్త్రి ఆపి, "నీ లెక్క సరిపాయనా?" అని ఆ మనిషినే అడిగేది. తలకాయ ఊపితే ఒప్పుకునేది కాదు. నోటితో చెప్పాల. తన కమీషను ఎంతో కూడా ఆ నోట్‌బుక్‌లోనే ఉండేది, అదీ చదివించేది.

ఒక మధ్యాహ్నం పదహారేళ్ల పిల్లోడు ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తొందరలో దోరకాయలు కూడా తెంపి పండుకాయల్లో కలిపేశానన్నాడు. దోరకాయ ఎండితే రంగు రాదు, తాలు అవుతుంది. తాలు కలిసిన సరుకంటే మార్కెట్లో ధర విరిగిపోతుంది. నేను సాల్లోంచి తలెత్తి చూస్తున్నాను, ఇప్పుడు వీడి పని అయిపోయిందని. ఆమె, "చెప్పినావు, మంచిపని చేసినావు నాయనా. ఎన్ని సాళ్ల కాయ?" అంది. పట్టా పరిపించి ఆ కాయంతా పోయించింది. పదిమందిమి కూర్చుని గంటలో ఏరేశాం. ఆ తర్వాత రైతు దగ్గరికి తానే పోయి, "తప్పు మా ముఠాది, ఏరినాం, చూసుకోండి" అని చెప్పింది. ఆ పిల్లోడి పేరు ఎత్తలేదు. రాత్రి అన్నాలయినాక వాణ్ణి పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఎవరికీ తెలియదు. మరుసటి రోజు నుంచి వాడు కాయను తిప్పి చూసి తెంపడం మాత్రం నేను చూశాను.

పట్టా మీద కాయలు ఏరుతూ కూర్చున్నప్పుడే నాకు మిల్లు గుర్తొచ్చింది. అదే వయసు పిల్లోడు. అదే భయం. ఒకడు నడిచొచ్చి చెప్పాడు, ఒకడు నోరు మూసుకున్నాడు. తేడా పిల్లల్లో లేదు.

మేస్త్రీలందరూ దేవతలని చెప్పడం లేదు. అడ్వాన్సు ఇచ్చి ఏళ్లకేళ్లు మనుషుల్ని కట్టిపడేసిన మేస్త్రీలు ఉన్నారు, తూకంలో కోసుకున్నవాళ్లున్నారు. సుగ్గికి పోయిన పిల్లల చదువు మధ్యలో తెగిపోవడం ఈ ప్రాంతానికి ఇంకా మానని పుండు, దానికి ఎంత మంచి మేస్త్రి అయినా మందు కాదు. లాంతరు దగ్గర లెక్క చదివిన ఆ పిల్ల కూడా మళ్లీ బడికి పోలేదు. ఆ మాట రాయకుండా ఆమె చేతిరాతను మెచ్చుకోవడం నాకు చేతకాదు.

చాలా ఏళ్ల తర్వాత అమెరికాలో ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలి పని గురించి చదివాను. 1996లో అచ్చయిన ఆమె అధ్యయనం ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద. మంచి పెద్ద ఉండి, కలిసిమెలిసి పనిచేసే వార్డుల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయనుకుని చూస్తే, లెక్కల్లో అక్కడే ఎక్కువ కనిపించాయి. తరచి చూస్తే అక్కడి నర్సులు తప్పులు ఎక్కువ చేయడం లేదు, జరిగిన తప్పును దాచకుండా చెబుతున్నారు. భయం ఉన్న వార్డుల్లో తప్పు కాగితం మీదికే రావడం లేదు. అది చదువుతుంటే నా రాత్రి షిఫ్టే కళ్ల ముందు కదిలింది. తగలబడే దాకా నా రిజిస్టర్లో కూడా ఒక్క పొరపాటు లేదు.

మా మేస్త్రి రాత్రిపూట లెక్కను అందరి ముందూ చదివించడం చిన్న సంగతి అనిపించవచ్చు. ఎమ్మిగనూరు వాళ్లకు అలా అనిపించదనుకుంటాను. 1938లో, మన ప్రాంతం ఇంకా బళ్లారి జిల్లాలో ఉన్నప్పుడు, మాచాని సోమప్ప గారు నేతపనివాళ్లను కూడగట్టి సహకార సంఘం పెట్టారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నూలు ఇచ్చేదీ షావుకారే, బట్ట కొనేదీ షావుకారే, అప్పు రాసుకునేదీ షావుకారే అయినచోట మగ్గం ముందు కూర్చున్న మనిషికి తన బాకీ ఎంతో తెలియదు. సంఘంలో సభ్యుడైతే లెక్కల పుస్తకం తెరిచి చూపించమని అడిగే హక్కు వస్తుంది. తన కూలి లెక్కే అడగలేని మనిషి, పనిలో తేడా వచ్చిందని వచ్చి చెబుతాడా?

సుగ్గి నుంచి వచ్చాక వేరే మిల్లులో మళ్లీ సూపర్‌వైజర్ పని దొరికింది. ఈసారి మిషన్ ఆపినవాళ్లను ఒకే మాట అడగడం నేర్చుకున్నాను: "ఏం చూసినావు?" మొదట్లో ఊరికే ఆపినవే ఎక్కువ. బేళ్లు తగ్గినాయని ఓనరు కేకలేశారు. నేను చెబితేనే ఆపారని, అనాల్సింది నన్ను అనమని చెప్పాను. ఆ మాట అన్న రోజు ఇంటికొచ్చి నిద్రపోలేదు, ఈ పని కూడా పోతుందేమోనని. షిఫ్టు మారేటప్పుడు "అంతా బాగుందా?" అనడం మానేసి "ఏ మిషన్ మీద నీకు అనుమానంగా ఉంది?" అనడం మొదలుపెట్టాను. అడిగి, నేను నోరు మూసుకోవాలి. కష్టమంతా అక్కడే. ఎదుటివాడు తడుముకుంటున్నప్పుడు మనమే అందుకుని మాట పూర్తిచేస్తే, వాడు చెప్పబోయింది మళ్లీ లోపలికి పోతుంది. ఏడాది పట్టింది నాకు ఆ ఊరుకోవడం అలవడడానికి.

అట్లని అన్నిటికీ తల ఊపలేదు. తాగి జిన్ను మీదికి వచ్చినవాణ్ణి ఆ క్షణమే బయటికి పంపాను. బెల్టు మీద రక్షణకు ఉన్న రేకు విప్పి పక్కన పెట్టినవాణ్ణి మూడు రోజులు పనిలోకి రానియ్యలేదు. తెలియక జరిగినది వేరు, తెలిసి పదిమంది ప్రాణం మీదికి తెచ్చేది వేరు. ఈ రెండూ ఒకటే అయిపోతే మంచివాడు కూడా దాచడం నేర్చుకుంటాడు. మూడో సీజన్లో ఒక రాత్రి, ప్రెస్సు దగ్గర పనిచేసే ఒకాయన పరిగెత్తుకొచ్చి "కమురు వాసన" అన్నాడు. కట్టబోయే బేలు విప్పించాం. నడుమ అరచేతంత నల్లటి మచ్చ, దాని చుట్టూ ఇంకా వెచ్చగా ఉంది.

ఇదంతా ఆ పొయ్యి దగ్గర మేనల్లుడికి చెప్పాను. మిల్లులో తిట్టిన పిల్లోడి సంగతి కూడా చెప్పాను, ఇంట్లో ఎవరికీ అంతకుముందు చెప్పలేదు. వాడు ఏమీ అనలేదు. నైవేద్యం దించి గుడి వైపు పోయాం.

నిన్న రాత్రి ఫోన్ చేశాడు. వాళ్ల షిఫ్టులో ఒక కొత్త పిల్లోడు ఒక లారీ సరుకంతా తప్పు స్టిక్కర్లతో ఎక్కించేశాడట. లారీ గేటు దాటకముందే పరిగెత్తుకొచ్చి చెప్పాడట.

"కోపం నెత్తికెక్కింది మామా. అయినా 'చెప్పినావు, మంచిపని చేసినావు' అన్యాను. అందరం కలిసి దించినాం. రాత్రి రెండయింది."

"పొద్దున వాడు పనికొచ్చినాడా?" అని అడిగాను.

"వచ్చినాడు మామా."