గోపల్ల గ్రామము: అద్భుతకథ నుండి వీడియో గేము వఱకు

కోవిల్పట్టి మొదలుకొని సాత్తూరు మీదుగా విరుదునగరు వఱకు వ్యాపించిన నల్లరేగడి సీమను తమిళులు కరిసల్ అందురు. ఇచట తెలుగు ఇంటిలో వినబడును; బడిలో అరుదు. కోవిల్పట్టి చేరువనున్న ఇడైచేవల్‌లో, తెలుగు మాటలాడు కుటుంబమున బుట్టిన కి. రాజనారాయణన్, తెలుగువారి వలసకథను తమిళముననే వ్రాసెను. 1976లో వెలువడిన ఆ నవలయే ‘గోపల్ల గ్రామము’.

అందు ముదుసలి మంగతాయారు చెప్పు పూర్వకథ అద్భుతరసప్రధానము. చెన్నాదేవి సౌందర్యమును విని తురుష్క ప్రభువొకడు ఆమెను కోరగా, బంధుజనమెల్ల దక్షిణమునకు బాఱిపోవును. ఎదుట నిండు నది, వెనుక తఱుమువారు. అప్పుడు గట్టుమీది చెట్టు వంగి వంతెన యగును. ఇది రచయిత కల్పన మాత్రము కాదు. కానుగచెట్లు వంగి దారి యిచ్చెనను తొట్టియ నాయకుల ఐతిహ్యమును థర్‌స్టన్ 1909 నాటికే గ్రంథస్థము చేసియుండెను.

ఇట్టి కథ వీడియో గేమునకు మూలము కాదగునా? పోలండు రచయిత సప్కోవ్‌స్కి ‘విచర్’ కథల నాధారముగా గొని 2007లో వచ్చిన గేము ఆ నవలలను తిరిగి చెప్పలేదు. వాని ముగింపునకు తరువాతి కాలమును గ్రహించి, రెండు కీడులలో నొకదాని నెన్నుకొను సంకటమును మాత్రము ఆటగానిపై మోపినది. అనుసరింపదగిన మార్గ మిదియే.

గోపల్ల కథకు మాత్ర మొక చిక్కు కలదు. గేము గెలుపును కోరును. ఈ కథలోనివారు గెలువలేదు, తప్పించుకొనిరి. చెట్టు వంగుట వారి పరాక్రమఫలము కాదు, అనుగ్రహము. మీట నొక్కినంతనే వంగు చెట్టు వట్టి యంత్రము. ఆటగాడు ఎన్ని యుక్తులు పన్నినను నది దాటలేక చేతులు దించిన పిదపనే కొమ్మ వంగవలెను. ఇక తఱుమువారిని ఒక మతమునకు ప్రతినిధులుగా నిలిపి నఱికించు గేమును కల్పించుట సులభము, అమ్ముట మఱింత సులభము. అది నవలకు ద్రోహము. నవల మనస్సు పగపై లేదు. అడవిని సాగునేలగా మార్చిన శ్రమపైనను, మిడుతల దండుతో ఊరు పడిన పెనగులాటపైనను నిలిచియున్నది. ఆటలోను అధికకాలము అచటనే గడువవలెను.

నవల చేయలేని పని యొకటి గేమునకు సాధ్యము. పుస్తకమునకు లిపి కావలెను. గేము చెవితోను సాగును. ఇంట తెలుగాడుచు తమిళము మాత్రమే చదువగల విరుదునగరు బాలునకు మంగతాయారు కథను తెలుగుననే వినిపింపవచ్చును. అయితే ఆమె నోట విజయవాడ రేడియో భాష పలికించినచో, అది తన అవ్వ మాటయని ఆ బాలుడు గుర్తింపడు.